పెట్టెకు ఎన్ని రోజులు గుర్తుంటుంది?

మా వదినది కిరాణా కొట్టు. ముందు గదిలో కొట్టు. వెనక గదుల్లో కాపురం. కొట్టుకు రెండు కెమెరాలు, ఇంటికి రెండు కెమెరాలు పెట్టించింది. నాలుగు కెమెరాల తీగలూ ఒక నల్ల పెట్టెలోకి పోతాయి. ఆ పెట్టెకు టీవీ తగిలించింది. టీవీ తెర మీద నాలుగు గళ్లు. గడికో బొమ్మ. బేరానికి వచ్చినవాళ్లు తమ బొమ్మ తామే చూసుకుని నవ్వుకునేవాళ్లు. వదినకు ధైర్యంగా ఉండేది. "ఇంక నా కొట్టుకు భయం లేదమ్మా" అనేది.

వదిన పొదుపు సంఘానికి రెండో లీడరు. ఒక శనివారం సంఘం కూర్చుంది. సభ్యులు కట్టిన డబ్బు లెక్క పెట్టారు. 38,500 రూపాయలు వచ్చింది. అందరి ముందూ డబ్బును రేకు డబ్బాలో పెట్టి, లోపలి గదిలో బియ్యం బస్తాల వెనక దాచింది. సోమవారం బ్యాంకులో కట్టాలి. సోమవారం సెలవు వచ్చింది. మంగళవారం వదినకు జ్వరం తగిలింది. లేచి తిరిగేసరికి ఇంకో సోమవారం వచ్చింది. డబ్బా తీసి లెక్క పెడితే 28,500 ఉంది. పదివేలు లేవు.

కొట్టులో సాయానికి ఒక పిల్ల వచ్చేది. ఇంటర్ దాకా చదివి ఆపేసింది. తండ్రి లేడు. వదిన జ్వరంతో పడుకున్నప్పుడు కొట్టు ఆ పిల్లే చూసుకుంది. ఇంకేముంది? అందరి నోళ్లూ ఆ పిల్ల మీదకే పోయాయి.

"కెమెరా ఉంది కదా. చూస్తే తెలిసిపోతుంది" అంది వదిన. లోపలి గది తలుపు ఒక కెమెరాలో బాగా కనిపిస్తుంది. ఆ పిల్ల కూడా అదే అంది. "చూడండి అత్తా. అందరి ముందూ చూడండి. నాకేం భయం లేదు."

కెమెరాలు పెట్టిన మనిషికి ఫోన్ చేస్తే మంగళవారం వచ్చాడు. మౌస్ పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. పోయిన బుధవారం నుంచి బొమ్మ ఉంది. రోజుకో రోజు చూశారు. ఎవరూ డబ్బా దగ్గరకు పోలేదు.

"అంతకుముందుది పెట్టు బాబూ. శనివారం నుంచి పెట్టు" అంది వదిన.

"అది లేదక్కా. చెరిగిపోయింది."

"ఎవరు చెరిపారు?"

"ఎవరూ చెరపలేదక్కా. పెట్టే చెరుపుకుంటుంది."

శనివారం రాత్రి నుంచి మంగళవారం రాత్రి దాకా ఏం జరిగిందో చూసే దారి లేకుండా పోయింది. ఆ పిల్ల తప్పు చేయలేదని చెప్పే సాక్ష్యం కూడా వాటితోనే పోయింది. మరునాటి నుంచి ఆ పిల్ల పనికి రాలేదు. వదిన వాళ్లింటికి రెండుసార్లు వెళ్లింది. తల్లి తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది. పదివేలూ వదినే నెలకు కొంత చొప్పున సంఘానికి కట్టింది. డబ్బు ఎవరు తీశారో ఈ రోజుకూ తెలియదు.

నేను ఈ పాఠం రాయడానికి కారణం అదే. ఇప్పుడు పల్లెల్లో కూడా కెమెరాలు పెట్టించుకుంటున్నాం. కెమెరా ఎంత దూరం చూస్తుంది, చీకట్లో కనిపిస్తుందా, ఫోన్‌లో వస్తుందా అని అడుగుతాం. పెట్టెకు ఎన్ని రోజులు గుర్తుంటుందో మాత్రం అడగం.

పెట్టెలో ఏముంది?

కెమెరా చూస్తుంది. పెట్టె దాచిపెడుతుంది. ఆ పెట్టెను డీవీఆర్ అంటారు. కొన్ని రకాల కెమెరాలకు పెట్టే పెట్టెను ఎన్‌వీఆర్ అంటారు. రెండూ చేసే పని ఒకటే. పెట్టె లోపల హార్డ్ డిస్క్ అనే భాగం ఉంటుంది. చిన్న పుస్తకమంత ఉంటుంది. బొమ్మలన్నీ దాని మీదే పడతాయి.

ముప్పై ఏళ్ల కిందట ఈ పని క్యాసెట్ చేసేది. వీసీఆర్ కిరాయికి తెచ్చి, వాకిట్లో టీవీ పెట్టి, తెల్లవార్లూ సినిమాలు చూసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఒక క్యాసెట్ మీద మూడు గంటల బొమ్మ పట్టేది. నిండితే తీసి ఇంకోటి వేయాలి. ఇప్పుడు క్యాసెట్ మార్చే పని లేదు. డిస్క్ పెట్టెలోనే ఉంటుంది. రాత్రీ పగలూ రాస్తూనే ఉంటుంది.

మరి నిండితే?

మన పలకను తలచుకోండి. పలక నిండా రాశాం. ఇంకా రాయాలి. ఏం చేస్తాం? పైన మొదట రాసిన వరుసను తుడిచి, అక్కడ కొత్త వరుస రాస్తాం. తర్వాత రెండో వరుస తుడుస్తాం. డిస్క్ చేసేదీ అదే. నిండగానే అన్నిటికన్నా పాత రోజును తుడిచి, ఈ రోజును రాసుకుంటుంది. మనల్ని అడగదు. చెప్పదు. చప్పుడు కూడా చేయదు. ఇది పెట్టె చెడిపోవడం కాదు. దాన్ని తయారు చేయడమే అలా చేశారు. చెరుపుకోకపోతే నిండిన రోజునే రాయడం ఆగిపోతుంది కదా.

పలక పెద్దదైతే ఎక్కువ వరుసలు పడతాయి. డిస్క్ పెద్దదైతే ఎక్కువ రోజులు ఉంటాయి.

ఒక చిన్న లెక్క

బియ్యాన్ని కిలోల్లో కొలుస్తాం. పాలను లీటర్లలో కొలుస్తాం. డిస్క్‌లో చోటును జీబీల్లో కొలుస్తారు. 1000 జీబీలు అయితే 1 టీబీ. క్వింటాలుకు 100 కిలోలు అన్నట్టే ఇదీ.

ఇళ్లలో ఎక్కువగా వాడే 2 మెగాపిక్సెల్ కెమెరా ఒకటి రాత్రీ పగలూ రాస్తే, రోజుకు సుమారు 20 జీబీల చోటు తింటుంది. బొమ్మ ఇంకా స్పష్టంగా కావాలని అమరిస్తే ఎక్కువ తింటుంది. తక్కువకు అమరిస్తే తక్కువ తింటుంది. మనం 20 అనే అనుకుందాం.

వదినకు నాలుగు కెమెరాలు.

4 × 20 = 80.

అంటే రోజుకు 80 జీబీలు కావాలి.

ఇక డిస్క్ ఎంతది? ఆ మంగళవారం కెమెరాల మనిషి తెర మీద హెచ్‌డీడీ అనే చోట నొక్కితే 465 అని అంకె కనిపించింది. నేను పక్కనే ఉన్నాను. పలక మీద వేసినట్టు బిల్లు వెనక వేశాను. 465ని 80తో భాగిస్తే 5 పోగా ఇంకా 65 మిగిలింది. ఆరు రోజులకు కొంచెం తక్కువ. అందుకే బుధవారం దగ్గర ఆగిపోయింది.

ఇక్కడ ఒక మాట. 500 జీబీల డిస్క్ పెడితే తెర మీద 465 అనే కనిపిస్తుంది. 1 టీబీ డిస్క్ పెడితే 931 అని కనిపిస్తుంది. అందులో మోసం లేదు. తయారు చేసినవాళ్లు 1000 చొప్పున లెక్క కడతారు. పెట్టె 1024 చొప్పున లెక్క కడుతుంది. ఆ తేడా అది. 1 టీబీ అని డబ్బు తీసుకున్న డిస్క్, తెర మీద 465 చూపిస్తే మాత్రం అది మోసమే.

వదిన విషయంలో మోసం జరిగిందో లేదో తేల్చలేకపోయాం. పెట్టిన రోజున ఆ మనిషి నోటితో "పెద్ద డిస్క్ వేశానక్కా, నెల రోజులు ఉంటుంది" అన్నాడు. బిల్లు తీసి చూశాం. "సీసీ కెమెరా సెట్ – 1" అని ఒక్క వరుస ఉంది. దాని ఎదురుగా మొత్తం డబ్బు ఉంది. డిస్క్ ఎంతదో లేదు. ఏ కంపెనీదో లేదు. ఏమని పోట్లాడతాం? వదినకు చదవడం వచ్చు. చదివే కాగితంలో రాయాల్సిన మాటే లేదు.

కొనేటప్పుడు

దుకాణంలో పెట్టె ధర వేరు, డిస్క్ ధర వేరు. చాలా పెట్టెలు డిస్క్ లేకుండానే వస్తాయి. "తక్కువ ధరకే సెట్" అన్నచోట డిస్క్ ఉందా అని మొదటే అడగండి.

డిస్క్‌లలో రెండు రకాలు. కంప్యూటర్‌లో వేసేది ఒక రకం. కెమెరాల కోసం చేసింది ఒక రకం. కంప్యూటర్ డిస్క్ కొన్ని గంటలు పనిచేసి ఆగుతుంది. కెమెరా డిస్క్ ఏడాది పొడుగునా, రాత్రీ పగలూ ఆగకుండా రాయాలి. ఆ పనికి తగినట్టు దాన్ని తయారు చేస్తారు. దాన్ని సర్వైలెన్స్ డిస్క్ అంటారు. ఆ మాట పలకడం కష్టంగా ఉంటే "కెమెరాలకు వేసే డిస్కే కావాలి" అనండి. దుకాణదారుకు అర్థమవుతుంది. ఇలాంటి డిస్క్‌కు సాధారణంగా 3 ఏళ్ల వారంటీ ఉంటుంది. పాత కంప్యూటర్ల నుంచి తీసిన డిస్క్‌లను పెట్టెలో బిగించి ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. మూత బిగించాక లోపల ఏముందో మనకు కనపడదు. కాబట్టి బిగించే ముందే కవరులో ఉన్న కొత్త డిస్క్‌ను చూపించమనండి. దాని మీద సీరియల్ నంబరు ఉంటుంది. ఆ నంబరు బిల్లులో రాయించండి.

పెట్టె మీద, కెమెరా మీద బీఐఎస్ గుర్తు చూడండి. ఆర్ అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు దాని పక్కన ఉంటుంది.

పెట్టె మీద హెచ్.265 అని ఉంటే మంచిది. బొమ్మను మడిచి దాచే పద్ధతి అది. చీరను ఉండ చుట్టి పెడితే పెట్టె నిండిపోతుంది. మడత పెట్టి పెడితే రెండు చీరలు పడతాయి. అలాగే ఈ పద్ధతిలో పాత హెచ్.264 కన్నా సుమారు సగం చోటే పడుతుంది. అదే డిస్క్ దాదాపు రెట్టింపు రోజులు వస్తుంది. కొన్నిసార్లు పెట్టెలో ఆ వీలు ఉన్నా బిగించినవాళ్లు దాన్ని ఆన్ చేయరు. అడిగి చేయించుకోండి.

కదలిక ఉన్నప్పుడే రాసేలా కూడా అమర్చవచ్చు. చోటు మిగులుతుంది. కానీ వాకిట్లో చెట్టు ఊగినా, తాడు మీద చీర ఎగిరినా అది కదలికే అనుకుంటుంది. ఒక్కోసారి అసలు కదలికను ఆలస్యంగా పట్టుకుంటుంది. మనిషి లోపలికి వచ్చింది పడదు, బయటకు పోయింది పడుతుంది. డబ్బు ఉండే చోట కెమెరాను ఆగకుండా రాయించడమే నయమని నా అభిప్రాయం.

ఎన్ని రోజులు ఉండాలి? 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రతా చట్టం వచ్చింది. ఎక్కువమంది జనం చేరే దుకాణాలు, ఆసుపత్రుల వంటి చోట్ల కెమెరాలు పెట్టాలనీ, బొమ్మలను 30 రోజులు దాచాలనీ అది చెప్పింది. మన ఇల్లు, చిన్న కొట్టు ఆ చట్టం కిందికి రావు. అయినా ఆ అంకె మంచి కొలత. సంఘం డబ్బు, చిట్టీ డబ్బు ఇంట్లో ఉంచుకునేవాళ్లకు పదిహేను రోజులైనా ఉండాలి.

పెట్టె లేకుండా, కెమెరాలోనే చిన్న చిప్ పెట్టుకునే రకం కూడా వస్తోంది. గోడకు ఒక మేకు కొట్టి పెట్టుకోవచ్చు. తీగల పని తక్కువ. ఖర్చూ తక్కువ. ఒక గది చూసుకోవడానికి అది చాలు. కానీ 64 జీబీల చిప్ వేస్తే మూడు రోజులే. 128 వేస్తే ఆరు రోజులు. పైగా దొంగ కెమెరాను పీక్కుపోతే చిప్ కూడా దానితోనే పోతుంది. ఇంటర్నెట్ ద్వారా కంపెనీ దగ్గరే దాచే పద్ధతి ఇంకొకటి ఉంది. దానికి కిరాయి కడుతూనే ఉండాలి. కట్టడం ఆపితే దాచడం ఆగుతుంది.

తెర మీద కనిపిస్తే చాలదు

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. టీవీలో నాలుగు బొమ్మలూ కనిపిస్తున్నాయంటే కెమెరాలు పనిచేస్తున్నాయని మాత్రమే అర్థం. డిస్క్ రాస్తోందని అర్థం కాదు. డిస్క్ చచ్చిపోయినా తెర మీద బొమ్మ చక్కగానే వస్తుంది. ఎందుకంటే చూపించే పనికి డిస్క్ అక్కర్లేదు.

డిస్క్ చెడితే చాలా పెట్టెలు బీప్ బీప్ అని కూస్తాయి. మా వీధిలో ఒకాయన పెట్టె అలాగే కూసింది. నిద్ర పట్టడం లేదని, కొడుకుతో ఆ చప్పుడు ఆపించాడు. తర్వాత నాలుగు నెలలు ఆ ఇంట్లో పెట్టె తిరిగింది, కరెంటు బిల్లు పెరిగింది, ఒక్క బొమ్మ కూడా పడలేదు. మేకను ఎవరో తోలుకుపోయాకే ఆ సంగతి తెలిసింది.

అందుకని వారానికి ఒకసారి, బజారు రోజునో, శుక్రవారం పూజ అయ్యాకో, నిన్నటి బొమ్మను తిప్పి చూడండి. మౌస్‌తో మెనూ తెరవాలి. అందులో ప్లేబ్యాక్ అనే మాట ఉంటుంది. కొన్నిట్లో సెర్చ్ అని ఉంటుంది. నొక్కితే క్యాలెండర్ వస్తుంది. బొమ్మలు ఉన్న తేదీల దగ్గర రంగు గుర్తు ఉంటుంది. మొదటి గుర్తు ఏ తేదీ మీద ఉందో చూడండి. అక్కడి నుంచి ఈ రోజు దాకా లెక్క పెట్టండి. మీ పెట్టెకు ఎన్ని రోజులు గుర్తుంటుందో తేలిపోతుంది. ఏ దుకాణదారునూ అడగక్కర్లేదు.

గంటలు చూడటంలో చిన్న చిక్కు ఉంది. తెర మీద 19:30 అని కనిపిస్తుంది. ఇదేం గంట అనుకోవద్దు. 13, అంతకన్నా పెద్ద అంకె ఉంటే 12 తీసేయండి. 19లో 12 తీసేస్తే 7. అంటే రాత్రి ఏడున్నర. వదిన మొదట్లో 14:00 చూసి తెల్లవారుజామున అనుకుంది. అది మధ్యాహ్నం రెండు గంటలు.

తేదీ, గంట సరిగా ఉన్నాయో లేదో కూడా చూడండి. పెట్టె లోపల గడియారానికి బొట్టుబిళ్ల లాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కు పోవచ్చు. బొమ్మ ఉన్నా దొరకదు. దొరికినా, తేదీ తప్పు అని అవతలివాళ్లు వాదిస్తారు.

పోకముందే తీసి పెట్టుకోవాలి

ఏదైనా జరిగిందని తెలియగానే చేయాల్సింది ఆ భాగాన్ని వేరేగా తీసి పెట్టుకోవడం. దాన్ని బ్యాకప్ అంటారు. కొన్ని పెట్టెల్లో ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది. పెన్‌డ్రైవ్‌ను పెట్టెకు గుచ్చాలి. తేదీ చూసి, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా కావాలో చెప్పి, ఆ మాట మీద నొక్కాలి. పది నిమిషాల పని. ముందే ఒకసారి నేర్చుకుని ఉండాలి. ఆపద వచ్చిన రోజున నేర్చుకోలేం. సెల్‌ఫోన్‌తో తెరను వీడియో తీసినా ఆ క్షణానికి పనికొస్తుంది. కానీ బొమ్మ మసకగా ఉంటుంది. ఫోన్‌లోది నకలుకు నకలు.

కెమెరాల మనిషి రావడానికి రెండు రోజులు పడుతుందంటే ఆ రెండు రోజుల్లో పాతవి చెరిగిపోవచ్చు. అప్పుడు పెట్టెను ఆపేయడం మేలు. రాయడం ఆగితే చెరపడమూ ఆగుతుంది. మెనూలో షట్‌డౌన్ అని ఉంటుంది. అది నొక్కి, తర్వాత స్విచ్ కట్టేయండి.

ఫార్మాట్ అనే మాట, ఇనీషియలైజ్ అనే మాట కనిపిస్తే వాటి జోలికి పోవద్దు. పలకను నీళ్లు పోసి కడిగినట్టే. అన్ని రోజులూ ఒక్కసారే పోతాయి.

విషయం పోలీసుల దాకా పోతే ఇంకో కాగితం వస్తుంది. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమలులో ఉంది. దాని 63వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి బొమ్మను కోర్టులో చూపాలంటే సర్టిఫికెట్ జత చేయాలి. పెట్టె ఎవరి చేతిలో ఉందో వాళ్లు ఒక భాగం మీద సంతకం చేయాలి. నిపుణుడు ఇంకో భాగం మీద చేస్తాడు. పెట్టె కంపెనీ, నంబరు, బొమ్మను ఎలా తీశారో అందులో రాస్తారు. సంతకం పెట్టేముందు చదవండి. మీ పెట్టె నంబరే ఉందా, తేదీ సరిగ్గా ఉందా చూడండి. పోలీసులు పెట్టెనే తీసుకుపోతే, ఏం తీసుకున్నారో రాసిన కాగితం నకలు అడగండి.

ఎక్కడ పెట్టాలి?

పెట్టె నలుగురికీ కనిపించే చోట ఉండకూడదు. దొంగ మొదట పెట్టెనే ఎత్తుకుపోతాడు. అలాగని గాలి ఆడని బీరువాలో బిగించవద్దు. లోపల డిస్క్ గిర్రున తిరుగుతూ ఉంటుంది. వేడెక్కుతుంది. పొయ్యి దగ్గర, ఎండ పడే కిటికీ దగ్గర వద్దు. నడుస్తున్నప్పుడు కదపవద్దు. కరెంటు ఠక్కున పోయి ఠక్కున వచ్చే ఊళ్లలో చిన్న యూపీఎస్ పెట్టుకుంటే డిస్క్ ఎక్కువ కాలం ఉంటుంది. డిస్క్ నుంచి టక్ టక్ అని చప్పుడు మొదలైతే దాని రోజులు దగ్గర పడినట్టే. కావలసినవి వెంటనే తీసి పెట్టుకోండి.

కెమెరాను మరీ ఎత్తున పెడితే నడినెత్తి కనిపిస్తుంది, ముఖం కనిపించదు. రాత్రిపూట కెమెరా ముందు సాలెగూడు ఉంటే తెరంతా తెల్లగా మెరుస్తుంది. వారానికోసారి చీపురు పట్టేటప్పుడు అక్కడ కూడా ఒక చేయి వేయండి.

ఇక ఎటు చూడాలి? కెమెరా వాకిలి చూడాలి, గల్లాపెట్టె చూడాలి. పక్కింటి స్నానాల గదిని చూడకూడదు. ఆడమనిషి తనను ఎవరూ చూడరు అనుకునే చోట ఉన్నప్పుడు చాటుగా చూడటం, బొమ్మ తీయడం నేరం. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఆ మాట చెబుతోంది. మొదటిసారి రుజువైతే ఏడాదికి తగ్గకుండా, మూడేళ్ల దాకా జైలు, జరిమానా పడతాయి. లాడ్జీలో, బట్టల దుకాణంలో చీర మార్చుకునే గదిలో కూడా ఇదే చట్టం.

కొన్ని ఇళ్లలో వంటింట్లో కూడా కెమెరా పెడుతున్నారు. దుబాయిలో ఉన్న కొడుకు ఫోన్‌లో చూస్తుంటాడు. కోడలు ఎవరితో మాట్లాడింది, ఎన్ని గంటలకు లేచింది అని అడుగుతాడు. అది దొంగల కోసం పెట్టిన కెమెరా కాదు. ఇంట్లో కెమెరా ఎక్కడ ఉండాలో ఇంట్లో ఉండే ఆడవాళ్లను అడిగే పెట్టాలి. బొమ్మ ఎవరెవరి ఫోన్లలో కనిపిస్తోందో వాళ్లకు తెలియాలి.

పాస్‌వర్డ్ సంగతి కూడా ఇందులోనే వస్తుంది. బిగించిన మనిషి తనకు గుర్తుండే పాస్‌వర్డ్ పెట్టి పోతాడు. ఊళ్లో పది ఇళ్లకు అదే పెడతాడు. అతను మంచివాడే కావచ్చు. అయినా మన ఇంటి తాళంచెవి బయటివాళ్ల జేబులో ఎందుకు? పని అయిపోగానే, అతని ముందే మార్పించండి.

కనిపెట్టింది ఒక నర్సు

ఇంటికి కెమెరా పెట్టాలనే ఆలోచన మొదట ఎవరికి వచ్చిందని వెతికితే ఒక ఆడమనిషి పేరే కనిపిస్తుంది. ఆమె పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. అమెరికాలో న్యూయార్క్ నగరంలో ఉండేది. నల్లజాతి స్త్రీ. నర్సు ఉద్యోగం. ఆమె డ్యూటీకీ భర్త పనికీ వేళలు కలిసేవి కావు. చాలా రాత్రులు ఇంట్లో ఒంటరిగా ఉండేది. ఆ పేటలో దొంగతనాలు ఎక్కువ. పోలీసులు పిలిస్తే ఆలస్యంగా వచ్చేవారు. ఎవరైనా తలుపు కొడితే ఏం చేయాలి?

ఆమె, భర్త ఆల్బర్ట్ కలిసి ఒక ఏర్పాటు చేశారు. ఆయనకు ఎలక్ట్రానిక్స్ పని తెలుసు. తలుపుకు పై నుంచి కిందికి నాలుగు రంధ్రాలు. ఎత్తు మనిషికి ఒకటి, పొట్టి మనిషికి ఒకటి. వాటి వెనక పైకీ కిందికీ కదిలే కెమెరా. పడకగదిలో టీవీ. తలుపు దగ్గరకు పోకుండానే వచ్చినవాళ్లను చూడవచ్చు, మాట్లాడవచ్చు, అయినవాళ్లయితే మీట నొక్కి తలుపు తీయవచ్చు, కానివాళ్లయితే హెచ్చరిక గంట మోగించవచ్చు. 1966లో పేటెంట్‌కు అర్జీ పెట్టారు. 1969 డిసెంబర్‌లో పేటెంట్ వచ్చింది.

ఈ కథ చెబితే వదిన నవ్వింది. "ఆమెకు తలుపు అవతల ఎవరున్నారో తెలిస్తే చాలు. నాకు తొమ్మిది రోజుల కిందటిది కావలసి వచ్చింది" అంది.

బీరువా తలుపు మీద కాగితం

వదిన కొత్త డిస్క్ కొనింది. 2 టీబీలది. ఈసారి నేనూ వెంట వెళ్లాను. బిల్లు రాసేటప్పుడు వదిన కౌంటరు మీద వేలు పెట్టి, "ఎన్ని టీబీలో రాయండి. కంపెనీ పేరు రాయండి. నంబరు రాయండి. వారంటీ ఎన్నేళ్లో రాయండి" అంది. దుకాణంలో కుర్రవాడు "అవన్నీ ఎందుకక్కా" అన్నాడు. "రాయి తమ్ముడూ" అంది. రాశాడు. వదిన బయటకు రాకముందే అక్కడే నిలబడి మొత్తం చదువుకుంది. అతను కాసేపు ఎదురు చూడాల్సి వచ్చింది. చూశాడు.

ఇంటికి వచ్చి డిస్క్ బిగించాక తెర మీద 1863 కనిపించింది. 80తో భాగిస్తే 23 రోజులు వస్తుంది. వదిన ఒక తెల్ల కాగితం మీద తన చేత్తో రాసి బీరువా తలుపు లోపలి వైపు అంటించింది. అందులో ఇలా ఉంది:

డిస్క్ 2 టీబీ. వేసిన తేదీ.
23 రోజులు ఉంటుంది.
శుక్రవారం నిన్నటిది చూడాలి.
సంఘం డబ్బు అదే రోజు బ్యాంకులో కట్టాలి.

చివరి వరుసకూ పెట్టెకూ సంబంధం లేదు. అయినా రాసింది.

ఈ లెక్కలు మీరు చేయండి

ఒక ఇంట్లో 2 కెమెరాలు ఉన్నాయి. ఒక్కో కెమెరాకు రోజుకు 20 జీబీలు కావాలి. డిస్క్ తెర మీద 931 అని చూపిస్తోంది. ఎన్ని రోజుల బొమ్మ ఉంటుంది?

అదే ఇంట్లో ఇంకో 2 కెమెరాలు పెట్టారు. డిస్క్ మార్చలేదు. ఇప్పుడు ఎన్ని రోజులు?

తెర మీద 21:15 అని ఉంది. మన గడియారంలో ఎంత?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మీ సంఘం ఆఫీసులోనో కెమెరాల పెట్టె ఉంటే దాని బిల్లు అడిగి తీసుకోండి. డిస్క్ ఎంతదో అందులో రాసి ఉందా? చదివి చూడండి.